పుస్తకం బిడ్డ చేతికందాలి

బలిఘట్టంలోనైనా, నర్సీపట్నం బజారు వీధుల్లోనైనా మన ఇళ్లలో అడుగు పెడితే గోడకు ఎత్తుగా ఒక తాఖ్ కనిపిస్తుంది. అందులో జుజ్‌దాన్‌లో భద్రంగా చుట్టిన దివ్య ఖుర్ఆన్ ఉంటుంది. ఆ గౌరవం సముచితమే. దానిని పిల్లలకు నేర్పడం మన ధర్మం. కాని ఆ పక్కనే బిడ్డ బొమ్మల పుస్తకం కూడా ఎక్కి కూర్చుంటే? "చింపేస్తాడు" అని తల్లి పైన పెడుతుంది. అది అందని బిడ్డ అందే వస్తువునే పట్టుకుంటాడు. నేడు అది సెల్‌ఫోను.

మేమూ ఈ పొరపాటు చేసినవాళ్లమే. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెబుతూ, మా ఇంటి పుస్తకాలను మాత్రం అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాం. పుస్తకాలు చెక్కు చెదరలేదు. వాటిని చదివినవారూ లేరు.

దైవప్రవక్త (స)పై అవతరించిన తొలి ఆదేశం చదవమనే. మరి మన పిల్లలు చదవడం లేదా? ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతారు, మక్తబ్‌లో అరబీ అక్షరాలు కూడబలుక్కుంటారు. అయితే బడిలోనూ, మక్తబ్‌లోనూ చదువంటే అప్పజెప్పడమే. నచ్చిన పుస్తకాన్ని నచ్చిన పేజీలో తెరిచే స్వేచ్ఛ ఇంట్లో కాక ఇంకెక్కడ దొరుకుతుంది?

మన తెలుగునాటి గ్రంథాలయోద్యమం ఇందుకు చక్కని దారి చూపింది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని వద్దకు వెళ్లింది. నీటి మీద ఊళ్లు దాటిన పుస్తకం, మన ఇంట్లో మూడడుగులు కిందికి దిగలేదా?

దీనికి పెద్ద ఖర్చు లేదు. కిటికీ వెలుతురు పడే మూల, ఒక చాప, పండ్ల దుకాణంలో దొరికే చెక్కపెట్టె చాలు. అట్టబొమ్మ ఎదురుగా కనిపించేలా పుస్తకాలు నిలబెట్టండి. అక్షరాలు రాని బిడ్డ బొమ్మ చూసే ఎంచుకుంటాడు. ఒకేసారి ఐదారు పెట్టి, వారం వారం మార్చండి. తెలుగు కథలు, ఉర్దూ ఖాయిదా, పశుపక్ష్యాదుల బొమ్మలు అన్నీ ఉండనివ్వండి. ఆయతులున్న పుస్తకాలు మాత్రం పైనే ఉంచి, అడిగినప్పుడు పెద్దలే తీసివ్వాలి. పేజీ చిరిగితే తిట్టకండి, మైదా జిగురుతో బిడ్డ చేతనే అతికించండి. కొనే స్తోమత లేకపోతే శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాం కదా!

మగ్రిబ్ తరువాత అరగంట టీవీ కట్టేసి, ఫోను పక్కన పెట్టి, పెద్దలూ ఆ చాప మీదే కూర్చోవాలి. చదువు రాని దాదీమా ఉంటే మరీ మంచిది. బిడ్డ ఆమెకు తెలుగు కథ చదివి వినిపిస్తాడు, ఆమె వాడికి ఉర్దూలో కథ చెబుతుంది. ఇద్దరూ నేర్చుకుంటారు.

ఈ రోజు జుమా నమాజు ముగించుకొని ఇంటికి వెళ్లగానే బిడ్డ పుస్తకం ఒక్కటి కిందికి దించండి. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానం ప్రసాదించుగాక! ఆమీన్.