మన నీటి మీది వెలుగు

ప్రకృతి సౌందర్యం అనగానే మనకు కాశ్మీరమో కేరళమో స్ఫురిస్తుంది. నిత్యమూ కనిపించే సొంత ఊరిలో చూడదగినది ఏముంటుందనే భావన మనలో బలంగా నాటుకుపోయింది. ఇది సరైన భావన కాదని నా అభిప్రాయం. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1872లో చిత్రించిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ ఇందుకు చక్కని నిదర్శనం.

1840లో పారిస్‌లో జన్మించిన మోనే బాల్యం లె హావ్ర్ అనే రేవు పట్టణంలో గడిచింది. ఈ చిత్రానికి వస్తువు ఆ పట్టణపు ఓడరేవే. తెల్లవారుజామున ఓడల కొయ్యలు, పొగగొట్టాలు నీలి బూడిద రంగు పొగమంచులో కరిగి లీలగా కనిపిస్తాయి. ముందు భాగాన నీటిపై చిన్న పడవలున్నాయి. పైన ఎర్రని సూర్యబింబం, నీటిలో దాని వెలుగు తునకలు తునకలుగా మెరుస్తున్నాయి.

1874లో పారిస్‌లో ఈ చిత్రాన్ని ప్రదర్శించినప్పుడు లూయీ లెరోయ్ అనే విమర్శకుడు దీనిని అసంపూర్ణమైన పనిగా ఎగతాళి చేశాడు. ఆయన హేళనగా వాడిన మాట నుండే ‘ఇంప్రెషనిజం’ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. లెరోయ్ ఆ చిత్రంలో ఓడలను, భవనాలను వెదికాడు. మోనే చిత్రించినది వాటిని కమ్ముకొన్న గాలిని, వెలుగును.

మన ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనలలో పురవర్ణన, సూర్యోదయ వర్ణన వేర్వేరు అంశాలు. కోటలు, మేడలు, ఉద్యానాలు పురవర్ణనలో ఒక్కొక్కటిగా మన కళ్లకు కడతాయి. మోనే చిత్రంలో ఈ రెండు వర్ణనలూ ఒకటైపోయాయి. అక్కడ సూర్యోదయమే పురవర్ణన.

ఈ చిత్రపు ప్రతిని సెల్‌ఫోనులో నలుపు తెలుపులలోకి మార్చి చూడండి. సూర్యుడు దాదాపు మాయమవుతాడు! సూర్యునికీ చుట్టూ ఉన్న ఆకాశానికీ రంగులో భేదమున్నా, ప్రకాశంలో భేదం లేకపోవడమే దీనికి కారణం. అందుకే ఆ బింబం మన కంటికి నిలకడ లేక కదులుతున్నట్లు తోస్తుంది. మంచు కమ్మిన ఉదయాన్ని ఎంతో శ్రద్ధగా గమనించినవానికే ఇది సాధ్యం.

ఇటువంటి ఉదయాలు మనకూ ఉన్నాయి. ఎల్లారెడ్డి ప్రాంతపు పొలాలను తడిపే పోచారం జలాశయం 1922లో పూర్తయింది. మంజీరా నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కామారెడ్డిలో పెద్ద చెరువు ఉండనే ఉంది. మార్గశిర మాసపు ఉదయాన ఈ నీటి అంచున నిలబడితే, మంచులో గట్టు ఏదో, ఆకాశం ఏదో తెలియని క్షణం ఒకటి ఎదురవుతుంది.

ఫోనులో ఒక ఫొటో తీసుకుంటే చాలదా అని మీరు అడగవచ్చు. ఫొటో ఒక్క క్షణాన్నే పట్టి ఉంచుతుంది. వెలుగు క్షణక్షణమూ మారుతుంది. ఆ మార్పు కోసమే మోనే 1899-1901 సంవత్సరాల నడుమ లండనులోని థేమ్స్ నదీ దృశ్యాలను వేర్వేరు వేళలలో మళ్లీ మళ్లీ చిత్రించాడు.

చూడటం కేవలం వినోదం కాదు. రోజూ చూసేవారికే చెరువులో గుర్రపుడెక్క పెరగడం, గట్టు తరగడం, నీటి రంగు మారడం ముందుగా తెలుస్తాయి. చూడని చెరువు కనుమరుగైనా ఎవరికీ పట్టదు. కనుక సెలవు దినాన ఒక ఉదయం మీ ఊరి చెరువు గట్టుకు వెళ్లండి. ఫోను తీసే ముందు పది నిమిషాలు ఆ నీటిని చూడండి. ఆ తరువాత, నీటి రంగు ఎన్నిసార్లు మారిందో మీ తెలుగులో రాయండి.