రాజ్యాంగ శాస్త్రం: ఏ పుస్తకం చదవాలి?

పరీక్షలు సమీపించగానే మన విద్యార్థులు రాజ్యాంగ శాస్త్రం కొరకు ఆశ్రయించేది గైడును, రాజ్యాంగాన్ని కాదు. గైడులన్నీ పనికిమాలినవని మేమనము. మూలం చదవనివానికి గైడు సైతం అర్థం కాదన్నదే మా వాదన.

తెలుగు మాధ్యమం నుండియో, ఉర్దూ మాధ్యమం నుండియో వచ్చినవారికి ఆంగ్ల గ్రంథాలు కొరకరాని కొయ్యలుగా తోచుట సహజం. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే ఉన్నత విద్య గరపి, అందుకై ప్రత్యేక అనువాద శాఖను పోషించింది. ఆ కాలం గడచిపోయింది. సుప్రీంకోర్టు వ్యవహారాలకు 348వ అధికరణం ఆంగ్లాన్నే నిర్దేశించింది. కావున రాజ్యాంగపు తెలుగు ప్రతిని, వ్యాఖ్య లేని ఆంగ్ల మూలాన్ని ప్రక్కప్రక్కన ఉంచుకొని, దినమునకు రెండు మూడు అధికరణాలు చదివి, భావాన్ని సొంత మాటలలో వ్రాసికొనుట మేలు. నెల దినములు ఇట్లు సాగిన పిదప పెద్ద పుస్తకం తెరువవచ్చు.

తొలిసారి చదివేవారికి దుర్గాదాస్ బసు పరిచయ గ్రంథం చాలును. న్యాయవిద్యార్థులు ఎం.పి. జైన్‌నో, వి.ఎన్. శుక్లానో ఒకరినే ఎన్నుకొనవలె. ఇద్దరినీ సగం సగం చదువుట వ్యర్థం. సీర్వాయి సంపుటాలు సంప్రదించుటకే గాని మొదటి నుండి తుదివరకు చదువుటకు కావు. 1973 నాటి కేశవానంద భారతి వ్యాజ్యంలో కేరళ పక్షాన వాదించి మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని ప్రతిఘటించిన ఆయనే, తరువాతి ముద్రణలో దానిని సమర్థించినాడు. ‘సీర్వాయి ఇట్లన్నాడు’ అని వ్రాసేముందు ఏ ముద్రణలో అన్నాడో చూడవలసి యున్నది.

ముద్రణ సంవత్సరమే అసలు చిక్కు. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటపై చవకగా దొరికే పుస్తకాన్ని మేము నిరసించము. కొనేముందు ఏ ఏటిదో చూడుడు. 1978 నాటి 44వ సవరణకు ముందటి పుస్తకంలో ఆస్తిహక్కు ఇంకను ప్రాథమిక హక్కే. మన వంటి కళాశాలకు మరింత దగ్గరి ఉదాహరణ కలదు. శాసనం ద్వారా ఏర్పడిన విద్యాసంస్థను మైనారిటీలు స్థాపించినట్లు చెప్పజాలమన్న 1967 నాటి అజీజ్ బాషా తీర్పులోని వాదాన్ని, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 8న 4–3 ఆధిక్యతతో త్రోసిపుచ్చింది. అలీగఢ్ హోదాను మాత్రం వేరొక ధర్మాసనానికి విడిచిపెట్టింది. అంతకు ముందటి పుస్తకాన్ని నమ్మినవాడు 30వ అధికరణంపై పాత సమాధానమే వ్రాయును.

ఆ అధికరణం మతమునకే గాక భాషకును వర్తించును. 2002లో పదకొండుగురు న్యాయమూర్తులు టి.ఎం.ఎ. పాయ్ కేసులో మైనారిటీని రాష్ట్రం ప్రమాణంగా నిర్ణయించవలెనన్నారు. అనగా ఇక్కడ ఉర్దూవారికున్న రక్షణే తమిళనాడులో తెలుగువారికి కలదు. ఇది ఎరిగిన తెలుగు విద్యార్థి మనలో ఎందరు?

ఇక తీర్పులు. ఇరువది తీర్పుల పేర్లు వల్లించుటకంటె ఒక్కటి పూర్తిగా చదువుట మేలు. హుజూర్‌నగర్ విద్యార్థికి తగినది ముల్కీ వివాదం. స్థానికత నిరూపణకై బోనఫైడ్ పత్రాల కొరకు పాఠశాలల చుట్టూ తిరుగని యువకుడు మన ప్రాంతంలో అరుదు గదా! 16వ అధికరణం మూడవ ఖండంలోని ‘రాష్ట్రం’ అనగా యావద్రాష్ట్రమే గాని అందులోని తెలంగాణ కాదని 1969లో ఎ.వి.ఎస్. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు పలికింది. 1972 అక్టోబరులో అదే న్యాయస్థానం 35(బి) అధికరణం ఆధారంగా ముల్కీ నిబంధనలు చెల్లునన్నది. జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ వచ్చి 371డి అధికరణం పుట్టింది. 2014 విభజన పిదప అది రెండు రాష్ట్రాలకును వర్తించుచున్నది. ఈ మూడు అధికరణాలను, రెండు తీర్పులను వరుసగా చదివినవానికి ఒక్క మాట ఎట్లు లక్షలాది కొలువులను శాసించునో బోధపడును.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: ఈ ఏటి గ్రంథాలయ నిధితో పది గైడులకు బదులు రాజ్యాంగపు తాజా ప్రతులను తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషలలో తెప్పించుడు. జైన్ గ్రంథపు క్రొత్త ముద్రణ రెండు ప్రతులు చాలును. వానిని బీరువాలో తాళం వేయక, పఠనమందిరపు బల్లపై ఉంచుడు.