నవ్వు మనది, కొలబద్ద ఎవరిది?

పళ్ళ డాక్టరు దగ్గరకు ఒకప్పుడు నొప్పితో వెళ్ళేవాళ్ళం. ఇవాళ కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా సెల్‌ఫోనులో ఒక ముఖం చూపించి, “నా నవ్వు ఇట్ల కావాలె” అని అడిగే ఆడపిల్లలున్నారు. ఆ ముఖం ఒక్కోసారి సినిమా తారది. ఒక్కోసారి ఇన్‌స్టాగ్రామ్ ఫిల్టరు దిద్దిన తన ముఖమే.

క్లిప్పులు వేయించుకోవడం తప్పని మనం అనడం లేదు. ఎత్తుపళ్ళతో సరిగా నమలలేని, పెదవులు మూయలేని, నలుగురిలో నోరు విప్పలేని పిల్లకు అది వైద్యం. అందవలసిన హక్కు కూడా. మన అభ్యంతరం వైద్యం మీద కాదు, కొలబద్ద మీద.

ఈ వైద్యానికి ఆద్యుడైన అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్, అందమైన ముఖానికి అపోలో దేవుడి శిల్పాన్ని ఆదర్శంగా చూపాడు. తర్వాత వచ్చిన దవడ కొలతలు చాలావరకు తెల్లవారి ముఖాల నుంచి తీసినవే. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తున్నది. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. లేని లోపాన్ని కెమెరా చూపిస్తుంది, ఫిల్టరు దిద్దుతుంది, దిద్దిన ముఖాన్ని మార్కెట్టు అమ్ముతుంది. ఉట్నూరు గోండు అవ్వల పచ్చబొట్టు అందానికి అందులో చోటేదీ?

దీనికి పెళ్ళిచూపులు తోడు. “పళ్ళు సక్కగ లేవు” అన్న ఒక్క మాటతో కట్నం పెరిగే చోట, బీడీలు చుట్టే తల్లి అప్పు చేసి కూతురికి క్లిప్పులు వేయిస్తే, దాన్ని ఆ పిల్ల ఇష్టం అనగలమా? ఈ ఒత్తిడి మగపిల్లలనూ వదలలేదు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో, పెళ్ళి కుదిరిన ఒక యువకుడు చిరునవ్వు దిద్దించుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు.

క్లిప్పులంటే ఒక్కరోజు సింగారం కాదు. సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళ చికిత్స. చోటు కోసం కొన్నిసార్లు ఆరోగ్యంగా ఉన్న పళ్ళు నాలుగు పీకవలసి వస్తుంది. ఆ తర్వాత కూడా పళ్ళు పాత చోటికి జరగకుండా రిటెయినరు పెట్టుకోవాలి. ఇవన్నీ ముందే చెప్పించుకోవడం మన హక్కు. చికిత్స ఏమిటో, ప్రమాదాలేమిటో, వేరే దారులేమున్నాయో తెలిపాకే సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మన సంఘ సమావేశాల్లో, బాలికల హాస్టళ్ళలో మూడు ప్రశ్నలు అడుగుదాం. నమలడానికి, మాట్లాడడానికి ఇబ్బంది ఉందా? ఈ కోరిక నాదా, ఇంకొకరిదా? ఖర్చు, బాధ, ప్రమాదం నాకు అర్థమయ్యే భాషలో చెప్పారా? వీటికి జవాబు దొరికాక వేయించుకుంటే అది ఆమె నిర్ణయం. అప్పటిదాకా అది మార్కెట్టు నిర్ణయమే.