ఆకసమున గడియ, నేలపై జాము

హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు ఆకాశమార్గమున దూరము సుమారు 500 కిలోమీటర్లు. రైలుదారిని దాదాపు 700. రాత్రి బండి యెక్కి తెల్లవారిన పిమ్మట దిగవలసిన ఈ ప్రయాణమును విమానము గంటంబావులో ముగించునని టిక్కెట్టుపై చూచి మనము సంతోషించుచున్నాము. కాని ఆ గంటంబావు విమానము తానున్న చోటు విడిచినది మొదలు గమ్యమున నిలుచువరకు గల కాలమే గాని ప్రయాణికుని కాలము కాదు. కూకట్‌పల్లిలో ఇల్లు వెడలి, వాహనముల రద్దీ దాటి శంషాబాదు విమానాశ్రయము చేరి, తనిఖీల నిమిత్తము ముందుగానే వేచియుండి, దిగిన పిమ్మట సామానుకొరకు నిలిచి, మరల ఊరిలోనికి పోవువానికి నాలుగైదు గంటలు గడచుచున్నవి. ఇందు సింహభాగము నేలపైననే వ్యయమగుచున్నది.

2008 మార్చిలో బేగంపేటనుండి విమానములు శంషాబాదునకు తరలినప్పుడు ఆకాశమున దూరము ఇంచుమించు మారలేదు. నగరవాసికి మాత్రము విమానాశ్రయము దూరమైనది. ఆ దారిలో మెహదీపట్నమునుండి ఆరాంఘరు వరకు పదునొకండు కిలోమీటర్లకు పైబడిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరున గాని తెరువబడలేదు. మెట్రోరైలు నేటికిని విమానాశ్రయమునకు చేరలేదు. విమానాశ్రయము ముందు, దారి తరువాత అను ఈ క్రమమే మనము సరిదిద్దుకొనవలసిన లోపము.

ఆ లోపమును సరిదిద్దుకొను పరీక్ష ఇప్పుడు విశాఖకు వచ్చినది. నౌకాదళపు వైమానిక స్థావరమును పంచుకొనుచున్న నేటి విమానాశ్రయము పెరుగుచున్న రాకపోకలకు చాలదు గనుక, నగరమునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున, భోగాపురమునందు నూతన విమానాశ్రయమును నెలకొల్పుట సమంజసమే. విజయనగర శ్రీకాకుళ వాసులకు అది మేలును జేయును. అయితే నేడు విమానాశ్రయమునకు చేరువనున్న గాజువాకవారును, దానికి పడమటనున్న అనకాపల్లివారును ఇకపై నగరమంతయు దాటి పోవలసియుండును. పదహారవ నంబరు జాతీయ రహదారి భోగాపురము మీదుగనే పోవుచున్నది గదా యని కొందరనవచ్చును. కాని ఆ రహదారియే లారీలకును, మధురవాడ రద్దీకిని ఆధారమై యున్నప్పుడు, వేళకు విమానము నందుకొనవలసిన వాడు దానినొక్కదానినే నమ్ముకొనుట యెట్లు?

కావున విమానములు భోగాపురమునకు తరలు దినముననే అనకాపల్లి, గాజువాకలనుండి నిర్ణీతవేళలకు బస్సులు నడువవలెను. విజయనగరము మీదుగా పోవు హౌరా–చెన్నై రైలుమార్గమునుండి విమానాశ్రయమునకు అనుసంధానము కల్పింపబడవలెను. ఉదయము నెన్ని నిమిషములు, సాయంకాలము నెన్ని నిమిషములు పట్టునో ప్రాంతములవారీగా కొలిచి ప్రకటింపవలెను. కోట్ల ధనము వెచ్చించి ఆకాశమున ఆదా చేసిన కాలమును నేలపై పోగొట్టుట ప్రజాధనమునకు అపచారము. రన్‌వే పొడవును, భవనముల వైశాల్యమును చాటుటకు ముందు, సామాన్యుడు తన గుమ్మమునుండి విమానాశ్రయ ద్వారమును చేరుటకు పట్టు కాలమునకు ప్రభుత్వము జవాబుదారి కావలెను.