పేలుడు ఒకర్ని సంపుతది, పిల్లర్ కూలితె పదిమంది పోతరు

సిలిండర్ పేలిందని ఫోన్‌ల వీడియో వస్తె మనం ముందుగాల ఏం చూస్తం? మంట చూస్తం, పొగ చూస్తం, ఎంతమంది పోయిన్రని అడుగుతం. ఆ ఇల్లు నిలవడ్డదా, కూలిందా అని అడిగేటోళ్ళు తక్కువ. నేను మాత్రం మొదలు గదే చూస్త. ఎందుకంటె పదో తరగతి అయినంక సదువు ఇడిసిపెట్టి ఆరేండ్లు సెంట్రింగ్ పనికి పోయినోన్ని. సలాక వంచిన, రింగులు కట్టిన, స్లాబ్‌కు నీళ్ళు పట్టిన. ఇంజనీర్‌ను గాదు. తర్వాత తెలుసుకున్నదంతా పుస్తకాలు అడుక్కొని, మనుషులను అడిగి తెలుసుకున్నదే.

కొన్నేండ్ల కింద పాతబస్తీల ఒక గల్లీకి పోయిన. పేరు చెప్పను, ఆ ఇంటోళ్ళు ఇంకా ఆడనే ఉంటున్నరు. రాత్రంత గ్యాస్ లీకయింది, తెల్లారి లేచి లైటేసిన్రు. లైటేసిన మనిషి కాలిండు, కానీ దవాఖానల బతికిండు. మీది అంతస్తుల పండుకున్న ముసలమ్మ బతకలె. ఆమెకు నిప్పు తాకనే లేదు. ఆమె కింద స్లాబే లేకుంట పోయింది.

ఆ కూలిన పెళ్ళలల్ల ఒక పిల్లర్ చూసిన. లోపటి సలాకలు చీపురు పుల్లల లెక్క విచ్చుకున్నయి. రింగులు జానెడు దూరానికొకటి, వాటి కొక్కేలు తెరుసుకొని ఉన్నయి. కట్టినోడు నా అసొంటి కూలోడే. ఎట్ల కట్టాల్నో వానికి ఎవ్వలు చెప్పలె. నాకు గూడ ఎవ్వలు చెప్పలె. నేను గట్లనే కట్టిన ఇండ్లు ఇంకా నిలవడి ఉన్నయి, అందుల జనం పండుకుంటున్నరు. ఈ మాట రాయాల్నంటె చెయ్యి వణుకుతది, అయినా రాయాలె.

పాతబస్తీకి పేలుడు కొత్త గాదు. 2007 మే 18, శుక్రవారం నాడు మక్కా మసీదుల బాంబు పేలి 9 మంది పోయిన్రు, దాని ఎన్కనే పోలీసు కాల్పులల్ల ఇంకో 5గురు పోయిన్రు. అదే ఏడు ఆగస్టు 25న లుంబినీ పార్క్, గోకుల్ చాట్. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. ఆ పేలుళ్ళల్ల జనాన్ని సంపింది బాంబే, బిల్డింగులు కూలి కాదు. మల్ల 2025 మే 18న, సరిగ్గ అదే తారీఖు, చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ కాడ మంటలల్ల ఒకే కుటుంబపోళ్ళు 17 మంది పోయిన్రు, అందుల 8 మంది పిల్లలు. బయటికొచ్చే తొవ్వ ఇరుకు. ఆ తర్వాత నెలన్నర తిరగకముందే జూన్ 30న పాశమైలారంల సిగాచి ఫ్యాక్టరీల పేలుడు. అక్కడ మూడంతస్తుల బిల్డింగ్ కుప్పకూలింది. చనిపోయినోళ్ళు, జాడ దొరకనోళ్ళు కలిసి 50 మందికి పైనే. బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినోళ్ళే ఎక్కువ. దినాల తరబడి పెళ్ళల కింద ఎతికిన్రు.

బాంబు పేలితె నేరస్తులెవరని అడుగుతం. ఫ్యాక్టరీ పేలితె ఓనరెవరని అడుగుతం. రెండూ అడగాల్సినయే. కానీ బిల్డింగ్ ఎందుకు కూలింది అన్న మూడో ప్రశ్న మన దిక్కు ఎవ్వలు అడగరు.

దునియాల ఈ ప్రశ్న అడిగినోళ్ళున్నరు. కాంక్రీటు పేలుడును ఎట్ల తట్టుకుంటదో పరీక్షలు చేస్తరు. ఖాళీ మైదానంల అసలు సైజులనో, సగం సైజులనో పిల్లరు, స్లాబు, గోడ కడుతరు. కొలిచిన దూరంల కొలిచినంత మందు పెట్టి పేలుస్తరు. గాలి ఒత్తిడి కొలిచే గేజీలు, సలాక ఎంత సాగిందో చెప్పే గేజీలు, సెకనుకు వేల ఫొటోలు తీసే కెమెరాలు పెడుతరు. అసలు దెబ్బంత సెకనుల వెయ్యో వంతుల లెక్కల అయిపోతది, కన్ను మూసి తెరిచేలోపే. మన దేశంల చండీగఢ్ కాడ డీఆర్‌డీఓది టీబీఆర్‌ఎల్ అనే ల్యాబ్ 1960ల సంది పేలుళ్ళ మీదనే పని చేస్తున్నది. పేలుడును తట్టుకునేటట్టు ఎట్ల కట్టాల్నో చెప్పే ఐఎస్ 4991 అనే ప్రమాణం 1968లనే వచ్చింది. అంటె ఇది నిన్నటి ముచ్చట గాదు.

ఆ పరీక్షలు చెప్పే సంగతులల్ల మూడు మనకు పనికొస్తయి.

ఒకటి, దూరం. మందు ఎనిమిది రెట్లు పెంచితె గని అదే దెబ్బ రెండింతల దూరానికి పోదు. అందుకే పెద్ద ఆఫీసుల ముంగట బారికేడ్లు, సిమెంటు దిమ్మెలు పెట్టి బండిని దూరంగ ఆపుతరు. పాతబస్తీ గల్లీల ఒక ఇంటికి ఇంకో ఇంటికి నడుమ చెయ్యి పట్టేంత సందు లేదు. మన చేతుల దూరం లేదు.

రెండు, స్లాబ్. స్లాబ్‌ను మనం కిందికి పడే బరువు కోసమే కడుతం. నడుమల సలాక కింది దిక్కు ఏస్తం. కింద పేలితె గాలి స్లాబ్‌ను మీదికి ఎత్తుతది. మీది దిక్కు సలాక లేని కాడ అది పగుల్తది, మల్ల కిందికి పడేటప్పుడు పగిలిన స్లాబ్ పడుతది.

మూడు, రింగులు. కాంక్రీటు నొక్కితె గట్టిది, లాగితె మెత్తది. దెబ్బ తాకినప్పుడు లోపటి కాంక్రీటు చెదిరిపోకుంట పట్టి ఉంచేది రింగే. రింగులు దగ్గర దగ్గర, కొక్కేలు లోపటికి మలిచి ఉంటె పిల్లర్ వంగుతది, పగుల్లిస్తది, అయినా బరువు మోస్తది. రింగులు దూరముంటె ఒక్క దెబ్బకు అడ్డంగ తెగుతది. అదే సిమెంటు, అదే సలాక, ఫరక్ అంతా రింగులదే.

అమెరికాల ఓక్లహోమా సిటీల 1995 ఏప్రిల్ 19న ఒక తొమ్మిదంతస్తుల సర్కారు ఆఫీసు ముంగట మందు నింపిన ట్రక్కు పేలింది. 168 మంది పోయిన్రు. తర్వాత ఇంజనీర్లు ఒక్కొక్క పెళ్ళ లెక్కగట్టి చూసిన్రు. పేలుడు నేరుగ తెంపింది కింది అంతస్తుల రెండు మూడు పిల్లర్లనే. కానీ ఆ పిల్లర్ల మీద ఒక పెద్ద దూలం, ఆ దూలం మీద పైనున్న పిల్లర్లు నిలవెట్టిన్రు. కిందియి పోంగనే సగం బిల్డింగ్ దిగబడ్డది. చాలామంది కూలుడుకే పోయిన్రు. భూకంపాలొచ్చే జాగలల్ల కట్టినట్టు రింగులు దట్టంగ కట్టి, సలాకలు గట్టిగ ముడేసి ఉంటె కూలిన భాగం సగానికి సగమో, అంతకంటె ఎక్కువనో తగ్గేదని వాళ్ళు రాసిన్రు.

ఇక్కడ్నే మన కథ మొదలైతది. హైదరాబాద్ భూకంపాల పటంల తక్కువ ముప్పున్న జాగల ఉన్నది. అందుకే దట్టం రింగుల నియమాన్ని మన దిక్కు ఎవ్వలు గట్టిగ పట్టించుకోలె. భూకంపం రాదు గదా అన్నరు. మరి గ్యాస్ పేలదా?

లండన్‌ల 1968 మే 16న రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల బిల్డింగ్‌ల, 18వ అంతస్తు వంటింట్ల ఒకామె చాయ్ కోసం పొయ్యి ముట్టిచ్చింది. లీకయిన గ్యాస్ పేలింది. పేలుడు చిన్నదే, ఆమె బతికింది. కానీ ఆ బిల్డింగ్‌ను పిల్లర్లు మొయ్యలె, గోడలే మోసినయి. గోడ బయటికి పోంగనే ఆ మూలకున్న ఇండ్లన్ని మీదికెళ్ళి కిందిదాక కూలినయి. నలుగురు పోయిన్రు. ఒక జాగల దెబ్బ తాకితె మొత్తం మూల కూలొద్దన్న రూలు ఆడ దాని తర్వాతనే వచ్చింది.

మన పాతబస్తీల ఎన్ని ఇండ్లు గోడల మీదనే నిలవడ్డయో ఒక్కసారి చూడున్రి. కింద తాతలనాటి సున్నం గోడ, దాని మీద ఇటుక గోడ, దాని మీద స్లాబ్, పిల్ల పెండ్లయినంక ఇంకో అంతస్తు. గోడ పోతె స్లాబ్‌ను మోసేదేమున్నది? అదే పిల్లర్ల ఇల్లయితె నడుమ ఇటుక గోడ ఎగిరిపోయినా పిల్లర్లు మోస్తయి. గోడ ఎగిరిపోతె ఒత్తిడి గూడ బయటికి పోతది.

గ్యాస్ లెక్క ఒకటి చెప్త. 10 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న అర్ర నిండ పేలే గాలి తయారుకావాల్నంటె రెండు శాతం గ్యాస్ చాలు. అంటె కిలో కంటె కొంచెం ఎక్కువ. మన సిలిండర్‌ల ఉండేది 14.2 కిలోలు. ఈ గ్యాస్ గాలి కంటె బరువు, నేల మీదనే పర్సుకుంటది. కిటికీ మీద ఉంటె అది బయటికి పోదు. అసలు కిటికీయే లేని వంటిండ్లు ఎన్నో. అందుకే వాసనొస్తె స్విచ్ ముట్టొద్దు, తలుపు బార్ల తెరువాలె అంటరు. ఇది అందరికి ఎరుకే. ఆ ఒక్క అర్రల పేలింది ఆ ఒక్క అర్రలనే ఆగాల్నంటె ఇల్లు ఎట్ల కట్టాల్నన్నదే ఎరుక లేదు.

పాతబస్తీ అంచుకు కంచన్‌బాగ్ ఉన్నది. మిసైళ్ళు, కవచాలు చేసే డీఆర్‌డీఓ ల్యాబులు ఆ దిక్కున్నయి. అర్జున్ ట్యాంకుకు తొడిగే కవచాన్ని అక్కడి డీఎంఆర్ఎల్ తయారు చేసింది, దాని పేరు కంచన్. మన బస్తీ పేరే. ఆ పేరు ట్యాంకు మీదికెక్కింది, మంచిదే, సంబురమే. కానీ పేలుడును ఆపే ఇల్మ్ అంత దగ్గరుండి, ఆ గోడ ఇవతల ఉన్న మేస్త్రికి రింగు కొక్కెం ఎట్ల మల్వాల్నో చెప్పే మనిషి లేడు. ట్యాంకుల సిపాయికి కవచముండాలె, కాదంట లేను. వాని అవ్వ పండుకునే ఇంటికి గూడ ఉండాలె గదా.

ఖర్చు చానా అయితదని కొందరంటరు. లెక్కేద్దాం. 9 అంగుళాలు, 12 అంగుళాల పిల్లర్, ఎత్తు 10 అడుగులు. 8 అంగుళాలకొక రింగు కడితె 15 రింగులు. 4 అంగుళాలకొకటి కడితె 30. 8 ఎంఎం సలాకతోని 15 రింగులు ఎక్కువ కడితె అయిదారు కిలోల ఇనుము. ఒక్కో పిల్లర్‌కు నాలుగైదు వందలు. ఇంటి పూజకు పెట్టే ఖర్చు గాదు. సన్నటి పిల్లర్లకు, దూలం కలిసే కాడ ఇంకా దగ్గర కట్టాలె, అది ఇంజనీర్ చెప్పాలె. రింగు కొక్కెం బయటికి తెరిచి ఉండొద్దు, లోపటికి మల్వాలె. కొక్కెం మల్చుడుకైతె పైస ఖర్చు లేదు.

ఇగ సర్కారును అడిగే ముచ్చట. 2020ల వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం కింద 75 గజాల లోపు జాగల చిన్న ఇల్లు కట్టుకుంటె పర్మిషన్ అక్కర లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటె చాలు. పేదోన్ని ఆఫీసుల సుట్టు తిప్పకుంట చేసిన మంచి పని అది, దాన్ని తియ్యమని నేను అడగను. నేను అడిగేది చిన్నది. ఆ రూపాయి రసీదు ఎన్క ఒక బొమ్మ అచ్చెయ్యాలె. రింగు ఎంత దూరానికి కట్టాలె, కొక్కెం ఎట్ల మల్వాలె, గోడల మీద ఇంకో అంతస్తు ఎందుకు ఎక్కియ్యొద్దు, వంటింట్ల గాలి తొవ్వ కింద ఎక్కడ ఇడువాలె. తెలుగుల, ఉర్దూల. వార్డుకొక ఇంజనీర్ నెలకొక దినం అడ్డా మీదికొచ్చి మేస్త్రీలకు చేసి చూపియ్యాలె. పాత గోడల మీద అంతస్తులెక్కిన ఇండ్లను సర్వే చెయ్యాలె, కూలగొట్టుడుకు గాదు, ఆసరాకు పిల్లర్లు కట్టిచ్చుడుకు.

ఊళ్ళల్ల ఉండి ఇది చదివే తమ్ముళ్ళు, చెల్లెండ్లు, ఇది పట్నం ముచ్చట అనుకోకున్రి. రేపు కోచింగ్‌కో, కొలువుకో వచ్చి గిసొంటి గల్లీలనే మీరు రూము తీసుకుంటరు. మీ ఊళ్ళె మీ నాయిన అప్పు జేసి కట్టిచ్చే ఇంటికి గూడ నా అసొంటోడే రింగులు కడుతడు. పిల్లర్‌ల కాంక్రీటు పోసే ముందు ఒక్కపూట పని ఆపున్రి. టేపు పట్టి కొలువున్రి. మేస్త్రి కోపానికొస్తె రానియ్యిన్రి. కాంక్రీటు పోసినంక లోపటున్నది పేలిన నాడే కనవడ్తది.

ఆ ముసలమ్మ ఇల్లు మల్ల కట్టిన్రు. కట్టేటప్పుడు నేను పోయి ఒక పూటంత ఆడ కూసున్న. రింగులు నాలుగు అంగుళాలకొకటి కట్టిపిచ్చిన.