పాత స్టేషన్లు ఊరికి దక్కాలి

కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయింది. ఉత్తర, దక్షిణ భారతాలను నిజాం రాజ్యం మీదుగా కలిపిన ఆ మార్గం మీదనే జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి స్టేషన్లు ఉన్నాయి. బెల్లంపల్లి బొగ్గు దూరప్రాంతాలకు చేరింది ఈ పట్టాల మీదుగానే. 1938లో నెలకొల్పిన సిర్పూర్ కాగితపు మిల్లుకూ ఇవే ఆధారం. ఆ మిల్లు మూలంగా కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో పరిశ్రమ అడుగుపెట్టిన వాకిలి రైలు స్టేషనేనంటే అతిశయోక్తి కాదు.

ఆ వాకిళ్లు ఇప్పుడు మారుతున్నాయి. అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టులో కరీంనగర్, రామగుండం, ఆదిలాబాద్ స్టేషన్లకు, 2024 ఫిబ్రవరిలో పెద్దపల్లి, మంచిర్యాల స్టేషన్లకు శంకుస్థాపన జరిగింది. వీటిలో కరీంనగర్ స్టేషను 2025 మే 22న కొత్త రూపంతో ప్రారంభమైంది. కాజీపేట–బల్లార్షా మధ్య మూడో లైను కూడా మంజూరైనదే. ప్రయాణికులకు లిఫ్టులు, మరుగుదొడ్లు, ఎండకూ వానకూ నీడ కావలసిందే. అందులో రెండో మాటకు తావులేదు.

అయితే కరీంనగర్ సంగతి వేరు, పాత మార్గం మీది ఊళ్ల సంగతి వేరు. కరీంనగర్ స్టేషను నిజాం కాలపుది కాదు. అక్కడ కొత్తది కట్టినా చెరిగిపోయే చరిత్ర లేదు. కాజీపేట–బల్లార్షా మార్గంలో మాత్రం కొత్త కట్టడానికి చోటు చేసే తొందరలో పాత ముసాఫిర్‌ఖానా, గూడ్సు షెడ్డు, సిగ్నల్ కేబిన్ వంటివి లెక్కాపత్రం లేకుండా నేలమట్టమయ్యే ప్రమాదం ఉన్నది. కూల్చిన గోడను ఏ నిధులూ తిరిగి నిలబెట్టలేవు.

పాత కట్టడం, కొత్త సౌకర్యం పరస్పరం శత్రువులు కావు. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను నేటికీ రైళ్ల రాకపోకలతో కళకళలాడుతున్నది. పారిస్‌లో 1900లో తెరచిన ఓర్సే స్టేషను పొడవైన రైళ్లకు చాలక మూలపడింది. 1970లో దానిని కూల్చడానికి అనుమతి కూడా ఇచ్చారు. చివరి ఘడియలో మనసు మార్చుకున్నందువల్ల అదే 1986లో మ్యూజియంగా తలుపులు తెరిచింది. మన చిన్న పట్టణాలకు అంతటి హంగు అక్కరలేదు. ఖాళీగా పడివున్న గదిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఒక పఠనాలయం పెడితే చాలు. మరో గదిలో గని కార్మికుల, రైల్వే కార్మికుల జీవితాలను చూపే ఛాయాచిత్రాలు ఉంచవచ్చు. 'ఒక స్టేషన్–ఒక ఉత్పత్తి' పథకం 2022 నుంచి ఉండనే ఉన్నది. నిర్మల్ బొమ్మలకు, కరీంనగర్ వెండి తీగ పనికి, ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మలకు అక్కడే అంగడి పెట్టించవచ్చు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. పట్టాల పక్కనున్న గదికి జనం ఇష్టం వచ్చినట్టు వచ్చిపోవడం ప్రమాదకరం. కాబట్టి ప్లాట్‌ఫారం వైపు గోడ కట్టి, వీధి వైపు నుంచే దారి పెట్టాలి. స్థలం రైల్వేది కనుక మునిసిపాలిటీ ఒంటరిగా చేయగలిగింది లేదు. కరెంటు బిల్లు, కాపలా, మరమ్మతు ఎవరి బాధ్యతో ఇరుపక్షాలూ ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మరమ్మతులోనూ మెలకువ కావాలి. సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోక గోడే చెడుతుంది. దానికి సున్నపు పనే చేయించాలి.

అన్నింటికంటె ముందు జరగవలసినది లెక్క. కాజీపేట నుంచి బల్లార్షా వరకు ఏ స్టేషనులో ఏ పాత కట్టడం మిగిలింది, దాని గట్టిదనం ఎంత, దేనికి పనికివస్తుంది అన్న జాబితాను దక్షిణ మధ్య రైల్వే తయారుచేసి ప్రజల ముందుంచాలి. ఆ జాబితా వెలువడేదాకా ఏ కూల్చివేతకూ టెండరు పిలవరాదు. పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, మునిసిపల్ పాలకవర్గాలు ఈ ఒక్క కోరికతో రైల్వే అధికారుల తలుపు తట్టాలి. పలుగు పడిన తరువాత వినతిపత్రాలు ఇచ్చి ప్రయోజనం లేదు.