గద్దార్ ఎవరు భాయ్?

మొన్న ఇఫ్తార్ దావత్‌లో టర్కీ సీరియల్ మీద మాట నడుస్తుంటే తానెర్ అక్చామ్ సంగతి ఎత్తాను. ఉస్మానీ హుకూమత్ 1915లో లక్షల మంది అర్మేనియన్లను ఖత్లె ఆమ్ చేసిందని రుజువులతో రాసిన టర్కీ ప్రొఫెసర్ అని చెప్పాను. మా మామూజాద్ భాయ్ ఆ పేరు వినడం అదే మొదటిసారి. అయినా ఖజూర్ గింజ పక్కన పెట్టి, "ఖౌమ్‌ను అమ్ముకున్న గద్దార్" అని తీర్పిచ్చేశాడు. రోజా విప్పే వేళ బహస్ ఎందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు.

అమ్ముకుని ఏం సంపాదించాడు? విద్యార్థి పత్రికకు ఎడిటర్‌గా ఉన్నందుకు 1976లో అరెస్టయ్యాడు. మరుసటి ఏడు అంకారా జైలు నుంచి తప్పించుకుని జర్మనీలో పనాహ్ తీసుకున్నాడు. 2007 జనవరిలో అతని దోస్త్, అర్మేనియన్ జర్నలిస్టు హ్రాంట్ డింక్‌ను ఇస్తాంబుల్‌లో సొంత పత్రికాఫీసు ముందే కాల్చి చంపారు. మరుసటి నెల అక్చామ్‌ను మాంట్రియల్ ఎయిర్‌పోర్టులో ఆపేశారు. కారణం? ఇంటర్నెట్‌లో ఎవరో అతన్ని టెర్రరిస్టు అని రాసిపెట్టారు. ఆ ముద్ర ఎలా పడుతుందో మనకి వేరే చెప్పాలా!

"అదంతా అంగ్రేజుల కహానీ" అంటారు మనోళ్లు. మరి 1919లో తలత్ పాషాకి, అన్వర్ పాషాకి మౌత్ సజా వేసింది ఎవరు? ఇస్తాంబుల్‌లోని ఉస్మానీ ఫౌజీ అదాలతే. (మన ఇళ్లల్లో అన్వర్ పాషాలు ఎంతమందో!) ఆ ముఖద్దమాలు సర్కారీ గెజిట్ 'తక్వీమె వకాయి'లో అచ్చయ్యాయి. ఉర్దూ మీడియంలో చదివినోణ్ణి, ఆ పేరు నాకు చూడగానే అర్థమవుతుంది. 1928లో లిపి మార్చేసుకున్నాక టర్కీ పిల్లలకే అది అర్థం కాకుండా పోయింది. అక్చామ్ ఆ పాత కాగితాలే తవ్వాడు. ముస్తఫా కమాల్ కూడా 1920లో ఆ ఘోరాన్ని 'ఫజాహత్' అన్నాడు. మన అమ్మీలు అనే ఫజీహత్‌కి చుట్టమే ఆ మాట.

బాల్కన్‌లో ముస్లిములూ చచ్చారు కదా అంటారా? చచ్చారు, వాళ్లకీ ఇన్సాఫ్ కావాలి. కానీ ఒక జుల్మ్‌ను చూపించి ఇంకో జుల్మ్‌ను మాఫ్ చేస్తామా?

ఆఖరి ఖలీఫా బేటీ దుర్రె షెహవార్ మన నిజాం కోడలు. ఆ ఖాందాన్ మీద మనకు ముహబ్బత్ ఉంటుంది, ఉండనీ. కానీ అదే హైదరాబాద్‌లో 1948 పోలీస్ యాక్షన్ గుర్తుందా? అప్పుడూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ రిపోర్టును దశాబ్దాలు తొక్కిపెట్టారని మనమే కదా మండిపడతాం? మన కాగితం బయటికి రావాలి, అర్మేనియన్లది మాత్రం లోపలే ఉండాలా? గవాహి మనకు వ్యతిరేకమైనా, అమ్మానాన్నలకు వ్యతిరేకమైనా ఇవ్వాల్సిందేనని సూరా నిసా 135వ ఆయత్‌లో హుకుం ఉంది. ఖలీఫాలకు అందులో మినహాయింపేమీ లేదు.

ఇంకో మాట. అక్చామ్ తన పెద్ద పుస్తకాన్ని అంకితమిచ్చింది ఏ అర్మేనియన్‌కో కాదు, హాజీ ఖలీల్ అనే టర్కీ ముసల్మాన్‌కి. ప్రాణానికి తెగించి ఒక అర్మేనియన్ కుటుంబాన్ని ఆరు నెలలకు పైగా తన ఇంట్లో దాచిన దీన్‌దార్ మనిషి ఆయన. ఖత్లె ఆమ్ జరగలేదంటే ఆ హాజీసాబ్ ఎవరి నుంచి దాచినట్టు?

ఈద్‌కి భాయ్ మా ఇంటికొస్తాడు. షీర్ ఖుర్మా చేతికిచ్చి అదే అడుగుతాను.